తెల్లగుడ్డ ఎవరికి చూపించాలి?

సభకు నమస్కారం.

1991 గల్ఫ్ యుద్ధంలో జరిగిన ఒక సంఘటనతో మొదలుపెడతాను. కువైట్ తీరానికి దగ్గరలో ఫైలకా అనే దీవి ఉంది. ఇరాక్ సైనికులు దాన్ని పట్టుకుని ఉన్నారు. దాని మీద పయనీర్ అనే చిన్న మానవరహిత విమానం తిరుగుతూ ఉండేది. దానికి ఆయుధాలు లేవు, కెమెరా ఒక్కటే ఉంది. కానీ అది ఎక్కడ తిరిగితే అక్కడ కాసేపటికి అమెరికా యుద్ధనౌక నుంచి ఫిరంగి గుండ్లు వచ్చి పడేవి. ఆ ఇంజను చప్పుడుకు అర్థం ఏమిటో సైనికులకు అనుభవం మీద తెలిసిపోయింది. ఒకరోజు ఆ చప్పుడు వినిపించినప్పుడు వాళ్లు కందకాల్లోకి పరుగెత్తలేదు. బయటికి వచ్చి, చేతికి దొరికిన తెల్లగుడ్డలు పట్టుకుని ఆకాశం వైపు ఊపారు.

మనుషులు యంత్రానికి లొంగిపోయిన మొదటి సందర్భం అని దీని గురించి రాస్తుంటారు. ఆ మాట సరైనది కాదని నాకు అనిపిస్తుంది. ఆ కెమెరా అవతల, నౌకలో ఒక తెర ముందు ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఊగుతున్నది తెల్లగుడ్డ అని అతనికి తెలుస్తుంది, ప్రాణభయంతో ఊపుతున్నారని తెలుస్తుంది, పేల్చవద్దని చెప్పే వీలు అతనికి ఉంది. సైనికులు ఆ మనిషికి లొంగిపోయారు. అతని ముఖం వాళ్లకు కనిపించలేదు, ఉన్నాడని నమ్మారు. ఆ నమ్మకం వాళ్ల ప్రాణాలు కాపాడింది.

తెర ముందు కుర్చీ ఖాళీ అయితే, అంటే మనిషి లేకుండా తానే లక్ష్యాన్ని గుర్తించి పేల్చే ఆయుధం అక్కడ ఉంటే ఏమవుతుంది? ఈ సాయంత్రం మాట్లాడాలనుకున్నది దాని గురించే.

నేను ఎన్నడూ సైన్యంలో పని చేయలేదు. ఫోటోల్లో, వీడియోల్లో ఉన్న వస్తువులను గుర్తించే ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. చాలా ఏళ్ల క్రితం, రోడ్డు మీద ఎంతమంది నడుస్తున్నారో, ఎన్ని సైకిళ్లు వెళుతున్నాయో కెమెరా చూసి లెక్కపెట్టే ప్రోగ్రాము మీద పని చేశాం. పరీక్షల్లో చక్కగా పని చేసింది. బయట పెట్టాక ఒక వాన రోజున లెక్కలు తేడా వచ్చాయి. వీడియో వెనక్కి తిప్పి చూశాను. ఒక మనిషి గొడుగును గాలికి ఎదురుగా వంచి పట్టుకుని, ముందుకు వంగి నడుస్తున్నాడు. మా ప్రోగ్రాము అతని చుట్టూ ఒక పెట్టె గీసి, పైన 'సైకిలు' అని రాసింది. పక్కనే ఒక అంకె: 0.91.

ఆ అంకె గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే అసలు విషయమంతా అందులోనే ఉంది. ఇటువంటి ప్రోగ్రాము 'ఇది మనిషి', 'ఇది సైకిలు' అని తేల్చి చెప్పదు. ప్రతి వస్తువుకూ సున్నాకు, ఒకటికి మధ్య ఒక అంకె ఇస్తుంది. ఎంత దాటితే అవునని తీసుకోవాలో ముందుగానే ఒక హద్దు పెట్టవలసింది మేమే. ఆ హద్దు పైకి జరిపితే నిజంగా ఉన్నవి కొన్ని తప్పిపోతాయి. కిందికి జరిపితే లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. హద్దును ఎటు జరిపినా ఒక తప్పు తగ్గి ఇంకొకటి పెరుగుతుంది. మరో సంగతి. శిక్షణలో, అంటే దానికి నేర్పడానికి చూపించిన చిత్రాల్లో, ఎన్నడూ చూడని దృశ్యం ఎదురైతే ఆ ప్రోగ్రాము 'నాకు తెలియదు' అనదు. తనకు తెలిసిన పేర్లలో దేనికి పోలికలు దగ్గరగా ఉంటే ఆ పేరు పెట్టేస్తుంది, ఒక్కోసారి ఎంతో ధీమాగా. గొడుగు మనిషికి 0.91 అలాగే వచ్చింది.

మా హద్దు 0.8 దగ్గర ఉండేది. ఎందుకు 0.8 అని మీరు అడిగితే సిగ్గుపడుతూ చెబుతాను. ఒక మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని నాలుగైదు అంకెలు వేసి చూసి, ఫలితాలు బాగున్నాయనిపించినదాన్ని ఉంచేశాం. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. ఒక పాదచారి లెక్కలో తగ్గాడు, ఒక సైకిలు పెరిగింది. కొన్ని వందల వాన చిత్రాలు చేర్చి ప్రోగ్రామును సరిచేశాం.

ఇప్పుడు అదే తరహా ప్రోగ్రామును ఆయుధానికి తగిలించామనుకోండి. సంధ్యవేళ, దుమ్ము రేగుతోంది, ఒక మనిషి భుజం మీద పొడవాటిది ఏదో పెట్టుకుని నడుస్తున్నాడు. అది తుపాకీ కావచ్చు, పార కావచ్చు, కెమెరా నిలబెట్టే స్టాండు కావచ్చు. యంత్రం 0.83 అంటుంది. హద్దు 0.8 దగ్గర ఉంది. అంతే.

'యంత్రం నిర్ణయం తీసుకుంది' అని పత్రికల్లో రాస్తారు. ఆ మనిషి విషయంలో నిర్ణయం ఎప్పుడు జరిగిందో మీరే చెప్పండి. యంత్రం అక్కడ చేసింది ఒక అంకెను ఇంకో అంకెతో పోల్చడం మాత్రమే. నిర్ణయం నెలల ముందే, వేల మైళ్ల దూరంలో ఒక గదిలో, హద్దు పెట్టిన మధ్యాహ్నమే జరిగిపోయింది. పెట్టినవాళ్లకు ఈ మనిషి ఎవరో తెలియదు. చంపబోయే మనిషిని ఒక్కసారి కూడా చూడకుండా, అతని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, అతని చావు నిర్ణయమైపోయింది. అందుకే 'నిర్ణయాలు తీసుకునే రోబోలు' అనే మాట నాకు నచ్చదు. మనం చేసే పనిని యంత్రం పేరు మీద రాసేస్తుంది ఆ మాట.

దీనికి గట్టి ప్రతివాదం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అమెరికాలోని జార్జియా టెక్‌లో పని చేసిన రొనాల్డ్ ఆర్కిన్ అనే రోబోటిక్స్ శాస్త్రవేత్త చాలాకాలంగా చెబుతున్నది ఇది: యుద్ధంలో మనిషి భయపడతాడు, అలసిపోతాడు, పక్కవాడు చనిపోతే పగబడతాడు. రోబోకు ఇవేవీ లేవు. తన ప్రాణం కాపాడుకోవలసిన అవసరం దానికి లేదు కాబట్టి, అవతలివాడు శత్రువేనని రూఢి అయ్యేదాకా ఆగగలదు. కనుక మనిషి కంటే మెరుగ్గా యుద్ధ నియమాలు పాటించే యంత్రాన్ని తయారు చేయవచ్చు.

ఇందులో నిజం ఉంది. 1988 జులై 3న పర్షియన్ గల్ఫ్‌లో విన్సెన్స్ అనే అమెరికా యుద్ధనౌక, బందర్ అబ్బాస్ నుంచి దుబాయి వెళుతున్న ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది చనిపోయారు, వారిలో 66 మంది పిల్లలు. విమానం మామూలుగా పైకి ఎగురుతోందని నౌకలోని ఏజిస్ కంప్యూటర్ సరిగ్గానే నమోదు చేసింది. దాడికి దూసుకొస్తున్న యుద్ధవిమానం కిందికి దిగుతోందని సిబ్బంది అనుకున్నారు. తాము చూస్తామని భయపడుతున్నదే వాళ్లకు తెర మీద కనిపించింది. అక్కడ తప్పు చేసింది మనిషి, నిజం చెప్పింది యంత్రం.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2021 ఆగస్టు 29, కాబూల్. ఒక తెల్లని కారును అమెరికా డ్రోన్ గంటల తరబడి వెంబడించింది. కారులోకి ఎక్కించిన నీళ్ల డబ్బాలను పేలుడు పదార్థాలుగా పొరబడ్డారు. ఇంటి ముందు కారు ఆగాక క్షిపణి వేశారు. పది మంది పౌరులు చనిపోయారు, వారిలో ఏడుగురు పిల్లలు. కారు నడిపిన మనిషి ఒక సహాయ సంస్థ ఉద్యోగి. ఆ గంటలన్నీ తెర ముందు కూర్చుని చూసినవాళ్లు మనుషులే.

మరి మనిషి ఉండి ఏం ఒరిగింది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. కాబూల్ తర్వాత ఏం జరిగిందో చూడండి. పాత్రికేయులు వెంటపడ్డారు. ఎవరు చూశారు, ఏం అనుకున్నారు, ఎక్కడ పొరబడ్డారు అని నిలదీశారు. మూడు వారాలు తిరగకముందే సైన్యం అది ఘోరమైన పొరపాటని ఒప్పుకోవలసి వచ్చింది. విన్సెన్స్ విషయంలో కేసు అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లి, 1996లో బాధిత కుటుంబాలకు 6.18 కోట్ల డాలర్ల పరిహారంతో ముగిసింది. ఇది సంపూర్ణ న్యాయం అని నేను అనడం లేదు. కాబూల్ దాడికి ఏ ఒక్క సైనికాధికారికీ శిక్ష పడలేదు, ఆ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ నిలదీయడానికి మనుషులు ఉన్నారు. 'నువ్వు ఏం చూశావు? ఎందుకు ఆగలేదు?' అని అడగడానికి ఒక ముఖం ఉంది.

0.83ని ఏం అడుగుతాం? ప్రోగ్రాము రాసినవాణ్ణి అడిగితే, ఫలానా పరిస్థితిలో వాడతారని నాకు చెప్పలేదంటాడు. కమాండరును అడిగితే, పరీక్షలు నెగ్గిన ఆయుధమని ఇచ్చారు, అది అక్కడ అలా చేస్తుందని నాకెలా తెలుస్తుందంటాడు. తయారు చేసిన కంపెనీ ఒప్పంద పత్రాలు చూపిస్తుంది. ఒక్కొక్కరూ చెప్పేది నిజమే కావచ్చు. రాబర్ట్ స్పారో అనే ఆస్ట్రేలియా తత్వవేత్త 2007లోనే ఈ చిక్కు గురించి రాశాడు. నేరం ఉంది, శవం ఉంది, న్యాయంగా వేలెత్తి చూపడానికి మాత్రం ఎవరూ మిగలరు. ఒక మనిషి ప్రాణం పోతే ఎవరో ఒకరు 'అది నా చేతి మీదుగా జరిగింది' అని రాత్రి నిద్రపట్టక దొర్లాలి. నేను కోరుకుంటున్నది క్రూరంగా వినిపించవచ్చు, కానీ ఆ నిద్రలేమి కూడా యుద్ధానికి ఉన్న కళ్లాల్లో ఒకటి. దాన్ని తెంపేసుకుంటే చంపడం చాలా తేలికైపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మనిషిని తెర ముందు కూర్చోబెట్టినంత మాత్రాన పని అయిపోదు. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, పని ముగించుకుని తిరిగి వస్తున్న బ్రిటిష్ టోర్నడో విమానాన్ని అమెరికా పేట్రియట్ క్షిపణి దళం కూల్చేసింది. లోపల ఉన్న ఇద్దరూ చనిపోయారు. కంప్యూటర్ ఆ విమానాన్ని తమ రాడార్ మీదికి వస్తున్న క్షిపణి అని వర్గీకరించింది. సిబ్బందిలో మనుషులు ఉన్నారు, మీట నొక్కిందీ వాళ్లే. కానీ ఆలోచించడానికి వాళ్లకు ఉన్నది అతి కొద్ది సమయం. తెర మీద 'క్షిపణి' అని రాసి ఉంటే కాదనడానికి వాళ్ల దగ్గర వేరే ఆధారం లేదు. పది రోజుల తర్వాత ఏప్రిల్ 2న అదే రకం పేట్రియట్ క్షిపణి అమెరికా నౌకాదళానికి చెందిన హార్నెట్ విమానాన్ని కూల్చింది, ఆ పైలట్ కూడా చనిపోయాడు. యంత్రం రాసి ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టడం నిర్ణయం అనిపించుకోదు. కాదనడానికి సమయం కావాలి, ఆధారం కావాలి, కాదన్నందుకు ఉద్యోగం పోదన్న భరోసా కావాలి. ఈ మూడూ లేకుండా మనిషిని మధ్యలో ఉంచడమంటే, తప్పు జరిగితే నింద మోయడానికి ఒకణ్ణి ముందుగా చూసి పెట్టుకోవడమే.

యంత్రానికి చంపే పని అప్పజెప్పడం కొత్త అనుకోకండి. మందుపాతర ఉంది కదా. కాలు పడితే పేలుతుంది. ఆ కాలు సైనికుడిదా, మేకలు కాసుకునే పిల్లవాడిదా దానికి అక్కర్లేదు. యుద్ధం ముగిసిందని దానికి ఎవరూ చెప్పలేరు. ఆ గుడ్డితనాన్ని భరించలేకనే 1997 ఒట్టావా ఒప్పందంలో చాలా దేశాలు మనుషుల మీద వాడే మందుపాతరలను నిషేధించుకున్నాయి. కొత్త యంత్రానికి కళ్లు ఉన్నాయి కదా అంటారు. కళ్లు ఉన్నాయి, ఒప్పుకుంటాను. బరువుకు బదులు రూపాన్ని కొలుస్తుంది. కొలిచినదాని అర్థం మాత్రం దానికీ తెలియదు.

ఈ ఆయుధాలు ఎలా వస్తున్నాయో కూడా చూడాలి. ఏదో ఒక రోజు సైన్యాధిపతులంతా కూర్చుని, ఇకమీదట యంత్రాలే చంపుతాయని తీర్మానించడం లేదు. ఉక్రెయిన్ యుద్ధాన్ని గమనించండి. డ్రోన్‌కూ దాన్ని నడిపేవాడికీ మధ్య ఉన్న రేడియో సంకేతాన్ని అవతలివాళ్లు అడ్డుకుంటారు. సంకేతం తెగితే డ్రోన్ గురి తప్పుతుంది. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన విరుగుడు ఏమిటంటే, లక్ష్యాన్ని ఒకసారి చూపిస్తే చివరి దూరం డ్రోనే కెమెరాతో చూసుకుంటూ వెళ్లేలా చేయడం. మంచి ఇంజనీరింగ్, వాళ్ల స్థానంలో నేనున్నా అదే ఆలోచించేవాణ్ణేమో. కానీ ఈరోజు చివరి కొన్ని వందల మీటర్లు, రేపు చివరి కొన్ని కిలోమీటర్లు, ఎల్లుండి లక్ష్యాన్ని వెతకడం కూడా. ఏ మెట్టు దగ్గరా ఎవరికీ పెద్ద తప్పు చేస్తున్నట్టు అనిపించదు.

ఆ చివరి దూరంలో పోయేది ఒకటి ఉంది: వెనక్కి పిలిచే వీలు. అశ్వత్థామ, అర్జునుడు ఒకరి మీద ఒకరు అస్త్రాలు వేసుకున్న ఘట్టం మీకు తెలిసిందే. వ్యాసుడు, నారదుడు మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకు వేయడం తెలుసు, ఉపసంహారం తెలియదు. చివరికి అది ఉత్తర కడుపులోని శిశువు మీదికి పోయింది. ఇద్దరివీ సమానమైన అస్త్రాలే. వెనక్కి తీసుకోలేనివాడి చేతికి అది ఎందుకు వెళ్లిందన్నదే అక్కడి ప్రశ్న. ఈ కాలపు చట్టంలోనూ ఆ ఉపసంహారం ఉంది. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ 57వ అధికరణ ప్రకారం, లక్ష్యం సైనికమైనది కాదని తెలిస్తే, లేదా పౌరులకు జరిగే నష్టం హద్దు మీరేలా ఉంటే, దాడిని రద్దు చేయాలి. 41వ అధికరణ ప్రకారం లొంగిపోతున్నవాణ్ణి, గాయపడి పోరాడలేనివాణ్ణి చంపకూడదు. రద్దు చేయాలంటే చూస్తున్నవాళ్లు ఉండాలి. లొంగిపోవాలంటే ఎదురుగా అర్థం చేసుకునేవాళ్లు ఉండాలి.

చర్చలు ఎంతదాకా వచ్చాయో క్లుప్తంగా చెబుతాను. క్రిస్టోఫ్ హైన్స్ అనే దక్షిణాఫ్రికా న్యాయ నిపుణుడు 2013లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలికి నివేదిక ఇస్తూ, ఈ ఆయుధాలను తాత్కాలికంగా ఆపాలని కోరాడు. 2014 నుంచి జెనీవాలో దేశాలు సమావేశమవుతున్నాయి. అక్కడ ఏకాభిప్రాయం ఉంటేనే అడుగు ముందుకు పడుతుంది, అంటే ఒక్క దేశం తల అడ్డంగా ఊపినా ఆగిపోతుంది. 2019లో పదకొండు మార్గదర్శక సూత్రాలు వచ్చాయి, వాటికి చట్టబద్ధత లేదు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2021లో స్పష్టంగా చెప్పింది: ఎలా ప్రవర్తిస్తాయో ముందుగా తెలియని ఆయుధాలను, మనుషుల మీద గురిపెట్టే స్వయంచాలిత ఆయుధాలను నిషేధించాలి, మిగతావాటికి హద్దులు పెట్టాలి. 2026 నాటికి ఒప్పందం కుదరాలని ఆ కమిటీ అధ్యక్షురాలు, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి 2023 అక్టోబరులో కలిసి పిలుపునిచ్చారు. 2024 డిసెంబరులో ఈ ఆయుధాల మీద ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తెచ్చిన తీర్మానానికి 166 దేశాలు అనుకూలంగా, మూడే మూడు దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి.

నిషేధాలు కాగితాల మీదే ఉంటాయని పెదవి విరిచేవారికి ఒక్క మాట. మనిషి కళ్లు శాశ్వతంగా పోగొట్టడానికే తయారైన లేజర్ ఆయుధాలను 1995లో, యుద్ధరంగంలో అవి విస్తరించకముందే నిషేధించారు. దాన్ని సాధించినవాళ్లు కూడా ఇటువంటి సభల్లో మాట్లాడినవాళ్లే.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(సభలో నుంచి ఒక విద్యార్థిని: 'నేను ఈ రంగంలోనే చదువుతున్నాను. రేపు ఇటువంటి ఆయుధాలు తయారు చేసే చోట ఉద్యోగం వస్తే ఏం చేయాలి?')

అమ్మా, చేరవద్దని చెప్పే అధికారం నాకు లేదు. నేనైతే చేరను. చేరితే మాత్రం మొదటి వారంలోనే అడుగు: హద్దు ఎంత, ఎవరు పెట్టారు, ఎందుకు అంతే పెట్టారో ఎక్కడ రాసి ఉంది? ఏయే దృశ్యాలతో శిక్షణ ఇచ్చారు, వాటిలో లొంగిపోతున్నవాళ్లు ఉన్నారా, గాయపడినవాళ్లు ఉన్నారా? మధ్యలో ఆపగలవాళ్లు ఎవరు, వాళ్లకు ఎన్ని సెకన్లు దొరుకుతాయి? జవాబులు కాగితం మీద పెట్టమను. పెట్టకపోతే ఆ ప్రోగ్రాముకు నీ పేరు ఇవ్వకు. మా గొడుగు మనిషి విషయంలో నన్ను ఎవరూ ఇవి అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. అది ప్రాణం తీసే పని కాదు కాబట్టి బతికిపోయాం.

(వెనుక వరుసలోని ఒక పెద్దమనిషి: 'మనం మానుకున్నా శత్రువు మానుకోడు. వాడి యంత్రం రెప్పపాటులో పని ముగిస్తుంటే, మన మనిషి ఆలోచిస్తూ కూర్చుంటే ఎలా?')

మీ భయం న్యాయమైనది, అయ్యా. నౌక మీదికి దూసుకొచ్చే క్షిపణిని ఆపడానికి సెకన్లే ఉంటాయి. అక్కడ యంత్రమే పేల్చాలి, ఇప్పటికే దశాబ్దాలుగా నౌకల మీద ఫాలాంక్స్ వంటి తుపాకులు అలాగే పని చేస్తున్నాయి. వాటిని తీసేయమని నేను అనడం లేదు. అవి క్షిపణుల మీదికి వెళతాయి. క్షిపణి లొంగిపోదు, దానికి గాయం కాదు, దాని భుజం మీద పార ఉండదు. అలాంటి ఆయుధాలకు కూడా ఎక్కడ, ఎంతసేపు, ఏ లక్ష్యాల మీద అన్న హద్దులు ఉండాలి, పేట్రియట్ మనకు నేర్పింది అదే. మనుషుల కోసం వెతుక్కుంటూ వెళ్లే యంత్రం వేరు. అవతలివాళ్లు దాన్ని పంపితే ఆ యంత్రాన్ని మన యంత్రం కూల్చవచ్చు, అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. దానికి జవాబుగా మనం కూడా వాళ్ల మనుషుల మీదికి అటువంటిదే పంపితే, ఆ దీవిలో గుడ్డ ఊపినవాళ్ల వంటివారు రేపు బయటికి వచ్చి చేతులెత్తినప్పుడు వాళ్లను చూసేవాళ్లు ఎవరో మీరు నాకు చెప్పాలి. మన వైపు వాళ్లు చేతులెత్తినప్పుడు కూడా.

ఇంకెవరైనా అడగవచ్చు. అటు, కిటికీ పక్కన ఎవరో చెయ్యి ఎత్తారు.